కథలో డైలాగ్ రాసేటప్పుడు ఆశ్చర్యార్థకాలు, చుక్కలు, గీతలు: ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి

కథలు రాయడం మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. పాత్ర కోపంగా అరుస్తోంది, చివర ఆశ్చర్యార్థకం ఒకటి పెట్టాలా మూడు పెట్టాలా? క్వశ్చన్ మార్క్ పక్కన దాన్ని కూడా పెట్టొచ్చా? ఆగి ఆగి మాట్లాడితే చుక్కలెన్ని? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్తున్నా మళ్ళీ అదే ప్రశ్న ఇంకొకరి దగ్గర్నుంచి వస్తోంది కాబట్టి మొత్తం ఒకచోట పెడుతున్నా. మీ కథని పక్కన తెరిచి పెట్టుకుని ఒక్కో స్టెప్ చేసుకుంటూ పొండి, ఊరికే చదివితే పెద్దగా ఉపయోగం ఉండదు.

థియరీ కొంచెమే చెప్తా. తెలుగులో నిలదీయడం, ఒత్తి చెప్పడం, ఆశ్చర్యపోవడం చాలావరకు మాటలోనే ఉంటాయి. "వస్తావు" చివర దీర్ఘం తగిలితే "వస్తావా", ప్రశ్న అయిపోయింది. "నేను" కి ఏ తగిలిస్తే "నేనే". "ఎవరూ" ని ఒత్తితే "ఎవ్వరూ". తాటాకుల మీద రాసిన రోజుల్లో పద్యం ఆగేచోట నిలువు గీతలు తప్ప ప్రశ్న గుర్తూ లేదు, ఆశ్చర్యార్థకమూ లేదు, ఇవన్నీ అచ్చుపుస్తకాలతో పాటు మనకి వచ్చినవే. అప్పుడు కూడా మనవాళ్ళు అడిగారు, తిట్టారు, ఆశ్చర్యపోయారు, అవన్నీ చదివేవాళ్ళకి తెలిసేవి. అందుకే మాట ఇప్పటికే చెప్పేసినచోట గుర్తు అనవసరం, మాట ఒక్కటే రెండు మూడు రకాలుగా వినిపించే ప్రమాదం ఉన్నచోట గుర్తు తప్పనిసరి. ఈ వ్యాసం మొత్తం ఈ తేడా పట్టుకోవడం గురించే.

ఇంకోటి కూడా ఉంది. ఇంగ్లీషులో రాసేవాళ్ళకి అరుపు చూపించడానికి పెద్దక్షరాలున్నాయి, ఒక మాటని ఒత్తడానికి ఇటాలిక్ ఉంది. మనకి పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అనే తేడా లేదు. చాలా తెలుగు ఫాంట్లకి ఇటాలిక్ విడిగా ఉండదు, సాఫ్ట్‌వేరే అక్షరాన్ని పక్కకి వంచేస్తుంది, ఒత్తులూ గుడులూ చూడ్డానికి బాగోవు. ఆ రెండూ లేవు కదా అని చాలామంది ఆశ్చర్యార్థకాలు పెంచుకుంటూ పోతున్నారు, సమస్యంతా అక్కడ మొదలవుతోంది.

కావలసినవి

- పూర్తయిన కథ, లేదా కనీసం ఇద్దరు మాట్లాడుకునే ఒక సీన్
- దాని కాపీ ఇంకోటి (ఒరిజినల్ ముట్టుకోవద్దు)
- వర్డ్ గానీ గూగుల్ డాక్స్ గానీ, ఫోన్లో రాసుకున్నా పర్లేదు
- పైకి చదివిపెట్టే మనిషి ఒకరు, కథ ముందే తెలియనివాళ్ళయితే మంచిది
- ఒక గంట టైము

స్టెప్ 1. ముందు లెక్కపెట్టండి

కాపీ తెరిచి కంట్రోల్ ఎఫ్ కొట్టి ! అని వెతకండి. ఎన్ని ఉన్నాయో అక్కడే చూపిస్తుంది. తర్వాత ? కోసం, తర్వాత మూడు చుక్కల కోసం వెతకండి. అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి, చివర్లో పోల్చుకోవాలి.

జాగ్రత్త: వర్డ్‌లో వైల్డ్‌కార్డ్స్ అనే టిక్కు పెట్టి ఉంటే ? అంటే "ఏ అక్షరమైనా" అని అర్థం తీసుకుంటుంది, వేలల్లో లెక్క చూపిస్తుంది. ఆ టిక్కు తీసేసి వెతకండి. అలాగే వర్డ్ మూడు చుక్కల్ని తనంతట తానే ఒకే గుర్తుగా మార్చేస్తుంటుంది, కాబట్టి విడి చుక్కలు "..." ఒకసారి, కలిసిన గుర్తు "…" ఒకసారి, రెండుసార్లు వెతకండి.

ఎన్ని ఉంటే ఎక్కువ? దీనికి రూలేం లేదు. నా వరకు వెయ్యి మాటల కథలో మూడు నాలుగు ఆశ్చర్యార్థకాలు దాటితే అనుమానం వస్తుంది, పది దాటితే కథ మొత్తం అరుస్తున్నట్టే ఉంటుంది. పిల్లల కథ, హాస్య కథ అయితే ఇంకొన్ని ఉండొచ్చు.

స్టెప్ 2. పిలుపుల దగ్గర తీసేయండి

ఎక్కువ పోయేది ఇక్కడే. బళ్ళో సంబోధన ప్రథమా విభక్తి చెప్పేటప్పుడు "ఓ రామా!" అని నేర్పించారు, లెటర్ రాయమంటే "ప్రియమైన మిత్రమా!" అని మొదలెట్టించారు. దాంతో పిలిస్తే ఆశ్చర్యార్థకం పెట్టాలన్నది చేతికి అలవాటైపోయింది. కథలో చూడండి:

"అమ్మా! ఆకలేస్తోంది! అన్నం పెట్టు!"

ఇది చదివితే పిల్లాడు వీధి చివర నుంచి కేక పెడుతున్నట్టుంది. నిజానికి వాడు వంటింట్లో అమ్మ పక్కనే నిలబడి ఉన్నాడు. కామా చాలు:

"అమ్మా, ఆకలేస్తోంది. అన్నం పెట్టు."

పిలుపు దీర్ఘంలోనే ఉంది, "అమ్మా", "రాజూ", "అత్తా" అన్నప్పుడు చివరి అచ్చు సాగింది కదా, పిలుస్తున్నారని చదివేవాళ్ళకి అక్కడే తెలిసిపోతుంది. దూరం నుంచి కేకేస్తేనో, ప్రమాదం దగ్గరకొచ్చి అరిస్తేనో మాత్రం ఉంచండి. "రాజూ! లారీ!" ఇక్కడ కామా పెడితే నీరసంగా ఉంటుంది.

స్టెప్ 3. అయ్యో, అబ్బా, ఛీ, అమ్మో

ఈ మాటలకి వేరే పనేం లేదు, ఆశ్చర్యమో బాధో విసుగో చెప్పడానికే ఉన్నాయి. "అయ్యో!" అన్నప్పుడు గుర్తు కొత్తగా చెప్పేదేంటి? "అయ్యో, నాకు తెలీదే" అని కామాతో నడిపించేయండి. "హమ్మయ్య" తర్వాత అయితే ఆశ్చర్యార్థకం పూర్తిగా తప్పు దారి పట్టిస్తుంది, అది ఊపిరి వదిలే మాట, గొంతు కిందకి దిగుతుంది.

మాటనే మార్చి చూడండి, "అబ్బ" వేరు, "అబ్బా" వేరు, "అబ్బబ్బ" వేరు, "అబ్బే" ఇంకా వేరు. రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టాలనిపించినచోట సరైన మాట దొరకలేదేమో అని ఒకసారి చూసుకోండి.

ఇక్కడే ఇంకో చిన్న పని. ఒప్పుకోలుకి "ఊఁ", కాదనడానికి "ఊహూఁ", సరిగ్గా వినపడక మళ్ళీ చెప్పమనడానికి "ఆఁ?" ఇవన్నీ అరసున్నతో రాస్తే ముక్కుతో పలికే ధ్వని కళ్ళకి కట్టినట్టు వస్తుంది. "ఊ!" అని రాసి ఆశ్చర్యార్థకం మీద భారం వేయడం కంటే ఇది చాలా మేలు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో షిఫ్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే అరసున్న వస్తుంది. మీ ఫోన్ కీబోర్డులో దొరక్కపోతే ఎక్కడైనా కనిపించినప్పుడు కాపీ చేసి నోట్స్‌లో దాచుకోండి.

స్టెప్ 4. ప్రశ్నల్ని విడదీయండి

కథలో క్వశ్చన్ మార్క్ ఉన్న ప్రతి డైలాగ్ దగ్గరా ఆగి అడగండి: ఈ పాత్ర నిజంగా జవాబు కోసం అడుగుతోందా?

ఒకే మాట మూడు గుర్తులతో చూద్దాం. రాత్రి పదకొండు దాటింది, తండ్రి హాల్లో కుర్చీలో ఉన్నాడు, కొడుకు ఇంటికొచ్చాడు.

"వచ్చావా?" గేటు చప్పుడైంది, వచ్చింది కొడుకేనా కాదా తండ్రికి తెలీదు. లేదా ఫోన్లో అడుగుతున్నాడు. జవాబు కావాలి.

"వచ్చావా!" ఈ రాత్రికి రాడనుకున్నాడు, వచ్చేశాడు. సంతోషమో తేలికో ఉంది గొంతులో.

"వచ్చావా." కొడుకు ఎదురుగా చెప్పులు విప్పుతూ కనిపిస్తూనే ఉన్నాడు. అడగడానికేం లేదు. ఇప్పుడు పడబోయే చీవాట్లకి ఇది మొదలు.

మాట ఒక్కటే, గుర్తు మారితే ఇల్లే మారిపోయింది. గుర్తు నిజంగా పనిచేసేది ఇలాంటి చోట్లే. మూడోది, ఆ చుక్క, కొత్తగా రాసేవాళ్ళు అసలు వాడరు, ప్రశ్న రూపంలో ఉంది కదా చుక్క పెడితే తప్పేమో అని భయపడతారు. తప్పు కాదు. "నీకు బుద్ధుందా." "నేనేమైనా పిచ్చోణ్ణా." "ఎవడు చూడొచ్చాడు." వీటికి ఎవరూ జవాబు చెప్పరు. చుక్కతో రాస్తే చల్లగా కోస్తాయి, ప్రశ్న గుర్తుతో రాస్తే కొంచెం గొంతు లేస్తుంది. రెండూ రాసి పైకి చదివి మీ పాత్రకి ఏది సరిపోతే అది ఉంచండి.

ఆజ్ఞల్లోనూ ఇంతే. స్టేషన్లో ఎస్సై "కూర్చో!" అంటే ఆయనకి కోపమొచ్చిందని తెలుస్తుంది. "కూర్చో." అంటే ఆయనకి అరవాల్సిన అవసరం కూడా లేదని తెలుస్తుంది. భయం రెండోదాంట్లోనే ఎక్కువ.

తరచూ కనిపించే తప్పు: వాక్యంలో ఎక్కడో ప్రశ్న మాట కనపడగానే చివర ? పెట్టేయడం. "ఎందుకొచ్చాడో నాకు తెలీదు?" ఇది ప్రశ్న కాదు, తెలీదు అని చెప్తున్నాడు. "ఎక్కడికి వెళ్ళి ఉంటాడా అని ఆలోచించింది?" ఇదీ కాదు, ఆలోచించింది అని మీరు చెప్తున్నారు. ఇలాంటివి వెతికి చుక్క పెట్టండి. అలాగే "ఎందుకొచ్చావ్?" అని అడిగింది, ఇక్కడ ప్రశ్న గుర్తు కొటేషన్ లోపలే, అడిగింది తర్వాత మామూలు చుక్క.

స్టెప్ 5. రెండు, మూడు, నాలుగు ఉన్నవన్నీ ఒకటి చేయండి

"!!" "!!!" "???" ఇవన్నీ వెతికి ఒక్కటి చేసేయండి. ఆలోచించకుండా చేసేయొచ్చు, ఈ స్టెప్‌లో పోయేదేం ఉండదు. కథలో ఒకచోట మూడు పెట్టారనుకోండి, ఆ తర్వాత ఒకటి పెట్టినచోటల్లా పాత్ర మామూలుగా మాట్లాడుతున్నట్టే అనిపిస్తుంది, దాంతో క్లైమాక్స్‌కి వచ్చేసరికి ఐదు పెట్టాల్సొస్తుంది.

"?!" మాత్రం కొంచెం ఆలోచించి చేయాలి. అడుగుతూ నమ్మలేకపోతున్నప్పుడు ఇది వాడతారు. "పెళ్ళా?!" నేనైతే దీన్ని కథకి ఒకసారి మించి ఉంచను. చాలాసార్లు ఎదుటివాడి మాటనే తిరిగి పట్టుకుంటే ఆ పని అయిపోతుంది. "పెళ్ళి చేసుకున్నాను" అన్నాడనుకోండి, "చేసుకున్నావా!" అంటే నమ్మలేకపోవడం వచ్చేసింది. "చేసుకున్నాడంట" అని పక్కవాళ్ళ వైపు తిరిగి అంటే ఇంకో రకంగా వచ్చింది, దానికి గుర్తు కూడా అక్కర్లేదు.

స్టెప్ 6. తీసేసినచోట మాటకి బలం ఇవ్వండి

అన్నిటికంటే ఎక్కువ టైము దీనికే పెట్టండి. గుర్తు తీసేశాక డైలాగ్ చప్పగా అయిపోయిందనిపిస్తే, ముందు నుంచీ మాటలో బలం లేదని అర్థం, గుర్తు దాన్ని కప్పి ఉంచింది. ఏం చేయొచ్చో కొన్ని:

ఏ తగిలించండి, లేదా వాక్యం తిప్పండి. "నేను చెప్పాను!" అనేది "నేనే చెప్పాను" అవుతుంది, "చెప్పింది నేనే" అవుతుంది. రెండోదాంట్లో ఒప్పుకోలూ ఉంది, పొగరూ ఉంది.

అక్షరాన్ని ఒత్తండి. "ఒక రూపాయి కూడా ఇవ్వను!!" కంటే "ఒక్క రూపాయి ఇవ్వను." ఒక్క కావత్తు ఆ రెండు ఆశ్చర్యార్థకాల పనీ చేసేసింది.

మాటని మళ్ళీ అనిపించండి. "రాను!!!" అన్నదాన్ని "రానంటే రాను." చేయండి. మొండితనం ఎక్కువుంటే "చస్తే రాను." పిల్లలైతే "రాను రాను రాను" అని కామాలు కూడా లేకుండా.

మాటల వరుస మార్చండి. మనం మామూలుగా క్రియని చివర పెడతాం. దాన్ని ముందుకి లాగితే చెవి నిక్కబొడుచుకుంటుంది. "ఎవరూ నాకు చెప్పలేదు!" కంటే "చెప్పలేదు నాకు ఎవ్వరూ." మనింట్లో కోపాలొచ్చినప్పుడు వింటే తెలుస్తుంది, కోపంలో ఎవరూ వాక్యాన్ని పద్ధతి ప్రకారం చెప్పరు. "ఎక్కడికి పోతున్నావ్" అనేవాళ్ళు "పోతున్నావెక్కడికి" అంటారు.

పిలుపు మార్చండి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పది పేజీలుగా "మావయ్యగారూ, మీరు" అంటూ వచ్చిన కోడలు ఒక్కసారి "నీకు సిగ్గుందా" అంటే చదివేవాళ్ళు ఉలిక్కిపడతారు. ఆ "నీకు" లో ఉన్న అరుపు ఎన్ని ఆశ్చర్యార్థకాలు పెట్టినా రాదు. దీనికి రివర్సులో కూడా చేయొచ్చు. రోజూ "ఏరా" అనే స్నేహితుడు "మీరు చెప్పండి సార్" అన్నాడంటే స్నేహం ఎక్కడో తెగిందన్నమాట. కాకపోతే ఇది పనిచేయాలంటే ముందు నుంచీ ఆ పాత్ర ఎవర్ని ఎలా పిలుస్తుందో ఒకేలా రాసుకుంటూ రావాలి. ఒక పేజీలో "మావయ్యగారు", ఇంకో పేజీలో "మావయ్య", మీరు ఒకసారి నువ్వు ఒకసారి అని కలగాపులగంగా ఉంటే ఈ దెబ్బ తగలదు. పాత్రల లిస్టు రాసుకుని ఎవరు ఎవర్ని ఏమంటారో పక్కన వేసుకోండి.

ఊరి మాట వాడండి. తెలంగాణ పాత్ర "ఏందిరా గిది" అన్నప్పుడు, శ్రీకాకుళం అవ్వ "ఓలమ్మో, ఏటిది" అన్నప్పుడు, రాయలసీమ పెద్దాయన "ఎట్లబ్బా ఇట్లైతే" అన్నప్పుడు ఆ యాసలోనే ఎత్తుపల్లాలు ఉన్నాయి. జాగ్రత్త: మీ చెవికి బాగా తెలిసిన యాస అయితేనే. తెలీని యాసలో రెండు మాటలు తెచ్చి అతికిస్తే ఆ ప్రాంతం వాళ్ళు మొదటి పేజీలోనే కథ మూసేస్తారు, అది వాళ్ళ మాటని తక్కువ చేసినట్టు కూడా ఉంటుంది.

స్టెప్ 7. "అని అరిచాడు" సంగతి

తెలుగులో ఎక్కువగా డైలాగ్ ముందు, "అని అరిచాడు" తర్వాత వస్తుంది. అంటే చదివేవాళ్ళు డైలాగ్‌ని మామూలు గొంతుతో చదివేశాక అది అరుపని తెలుస్తుంది. ఈ ఇబ్బంది తెలిసే చాలామంది ముందు జాగ్రత్తగా ఆశ్చర్యార్థకాలు పెడుతుంటారు. దానికంటే మంచి మార్గం, పాత్ర చేసే పని డైలాగ్‌కి ముందు పెట్టండి.

"నాకొద్దు!!" అని కోపంగా అరిచాడు.

దీన్ని ఇలా మార్చండి:

కంచం పక్కకి నెట్టేశాడు. "నాకొద్దు."

రెండోదాంట్లో కోపం అనే మాట లేదు, అరిచాడు లేదు, గుర్తు లేదు. ఆ కంచం నెట్టడంతోనే గొంతు ఎలా ఉంటుందో చదివేవాళ్ళు ఊహించేసుకున్నారు.

ఇక్కడ మూడు తప్పులు ఎక్కువగా చూస్తుంటా. ఒకటి, మూడుసార్లు చెప్పడం: ఆశ్చర్యార్థకం, గట్టిగా, అరిచాడు, మూడూ ఒకే డైలాగ్‌కి. ఒక్కటి ఉంచి రెండు తీసేయండి. రెండు, ఒకదానికొకటి పడకపోవడం: "ఎవరికీ చెప్పకు!" అని గుసగుసగా అంది. గుసగుసకి ఆశ్చర్యార్థకం ఎందుకు, అది పీకేయండి. కాపీలో "గుసగుస", "మెల్లగా", "నెమ్మదిగా", "గొణి" అని వెతికితే ఇవన్నీ దొరికిపోతాయి. మూడు, ప్రతి లైనుకీ కొత్త మాట వెతుక్కోవడం: గద్దించాడు, కసిరింది, నసిగాడు, దబాయించాడు, విసుక్కుంది అని వరసగా. ఇవి మంచి మాటలు, దాచుకుని అవసరమైనచోట వాడండి. మిగతాచోట్ల "అన్నాడు" "అంది" చాలు, అది కంటికి అడ్డం పడదు. ఇద్దరే మాట్లాడుకుంటుంటే అదీ లేకుండా నడిపించొచ్చు.

స్టెప్ 8. చుక్కలు

నాలుగైదు చుక్కలు పెట్టడం మానేయండి, మూడు చాలు. వీటిని రెండు సందర్భాలకి ఉంచుకోండి. మాట రాక తడబడడం: "అది... నేనే తీశాను." మాట మధ్యలోనే వదిలేయడం: "ఆయన బతికి ఉంటే..."

ఈ రెండూ కానిచోట చుక్కలు ఉంటే ఎక్కువశాతం అక్కడ ఫుల్‌స్టాపో కామానో ఉండాలి. "నేను వచ్చాను... చూశాను... ఎవరూ లేరు... వెళ్ళిపోయాను..." ఇలా రాయడం చాటింగ్ నుంచి కొంత, సినిమా స్క్రిప్టుల నుంచి కొంత వచ్చింది. స్క్రిప్టులో నటుడు ఎక్కడ ఆగాలో చెప్పడానికి చుక్కలు పెడతారు, అక్కడ అది పనికొచ్చే సమాచారమే. కథ చదివేవాళ్ళకి మాత్రం పాత్ర ప్రతి రెండు మాటలకీ ఆయాసపడుతున్నట్టుంటుంది.

"...!" కలిపి పెట్టినవి ఉంటే వాటిని తప్పకుండా విడదీయండి. మాట వదిలేస్తున్నాడా, అరుస్తున్నాడా? రెండూ ఒకేసారి జరగడం చాలా అరుదు.

స్టెప్ 9. గీత

ఎదుటివాళ్ళు మాటకి అడ్డం వచ్చినప్పుడు చుక్కలు పెట్టకండి, పొడుగు గీత పెట్టండి.

"నేను చెప్పేదేంటంటే—"
"నువ్వేం చెప్పక్కర్లేదు."

చుక్కలైతే మొదటివాడే నసిగి ఆగిపోయినట్టుంటుంది, గీతైతే రెండోవాడు తెంపినట్టుంటుంది, తేడా చాలా ఉంది. విండోస్ కంప్యూటర్లో ఆల్ట్ పట్టుకుని పక్కనుండే నంబర్ ప్యాడ్ మీద 0151 కొడితే పొడుగు గీత వస్తుంది. ఫోన్లో చాలా కీబోర్డుల్లో చిన్న గీత మీద వేలు నొక్కి పట్టుకుంటే పొడుగుది కనిపిస్తుంది. ఏదీ కుదరకపోతే చిన్న గీతలు రెండు పెట్టండి, కానీ కథంతా ఒకేలా ఉంచండి.

ఇంకోటి గమనించండి. మనకి క్రియ చివర కదా వచ్చేది, కాబట్టి వాక్యాన్ని మరీ ముందు తెంపితే అసలేం చెప్పబోయాడో ఎవరికీ అర్థం కాదు. "నేను నిన్న మీ నాన్నని—" ఇక్కడ చూశాడా, కొట్టాడా, చంపాడా? సస్పెన్స్ కావాలనుకుంటే ఇది బంగారం లాంటి అవకాశం. అక్కర్లేకపోతే ఇంకో మాట దాటాక తెంపండి.

స్టెప్ 10. సాగదీసి పిలిచేవి

"అమ్మా" ని సాగదీయాలని దీర్ఘం గుర్తునే నాలుగుసార్లు టైప్ చేస్తే చాలా స్క్రీన్ల మీద మధ్యలో చుక్కల వలయాలు ప్రత్యక్షమవుతాయి. గుణింతం గుర్తు ఒక హల్లుకి ఒక్కటే పడుతుంది. బదులుగా విడి అచ్చుని తగిలించండి: "అమ్మాఆఆ", "రామూఊఊ", "ఒరేఏఏయ్". ఏ ఫోన్లో తెరిచినా చెడదు. చివర మళ్ళీ ఆశ్చర్యార్థకం అక్కర్లేదు. ఇవి కూడా కథకి ఒకటో రెండో.

మొత్తం కలిపి ఒకటి చేద్దాం

మొదటి డ్రాఫ్ట్ ఇలా ఉందనుకోండి:

"అక్కా!! నేను చెప్పేది విను!!" అని గట్టిగా అరిచాడు శీను.
"ఏంట్రా వినేది?!! అమ్మ గాజులు తాకట్టు పెట్టావా???" అని కోపంగా అరిచింది సుజాత!
"పెట్టాను...!! అయితే ఏంటి...!!"
"అయితే ఏంటా???!! ఎవరినడిగి పెట్టావు!!!"

పిలుపు దగ్గరిది పోయింది, డబుల్ ట్రిపుల్ పోయాయి, అరుపులు పోయాయి. సుజాత చేతిలో ఏముందో చూద్దాం, శీను ఎటు చూస్తున్నాడో చూద్దాం:

"అక్కా, నేను చెప్పేది విను."
సుజాత బీరువా తాళాలు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. "ఏంట్రా వినేది. పెట్టావా అమ్మ గాజులు తాకట్టు?"
శీను క్యాలెండర్ వైపు చూశాడు. "పెట్టాను. అయితే ఏంటి?"
"అయితే ఏంటా!" తాళాలు మంచం మీద పడ్డాయి. "ఎవర్నడిగి పెట్టావ్."

ఒక్కటే ఆశ్చర్యార్థకం మిగిలింది, వాడి మాటనే పట్టుకుని తిరిగి వాడి మీద వేసినచోట. అక్కడ తీసేస్తే "అయితే ఏంటా" అన్నది మామూలుగా ఆలోచిస్తూ అన్నట్టు కూడా చదవొచ్చు, అందుకే ఉంచాం. "పెట్టావా" ని ముందుకి లాగాం, ఎందుకంటే సుజాతకి కావలసింది ఆ జవాబు. చివరిది ప్రశ్న రూపంలో ఉన్నా చుక్క పెట్టాం, ఎవర్నీ అడగలేదని ఇద్దరికీ తెలుసు. శీను "అయితే ఏంటి" కి ప్రశ్న గుర్తు ఉంచాలా అని నేనూ కాసేపు ఆలోచించా, వాడు దబాయిస్తున్నాడు కాబట్టి గొంతు లేవాలి, ఉండనిద్దాం. మీరు చుక్క పెడితే వాడు ఇంకా పొగరుబోతు అవుతాడు, అది మీ కథని బట్టి.

ఎక్కడ ఈ రూల్స్ పట్టించుకోకూడదు

పాత్రలు వాట్సాప్‌లో మెసేజ్‌లు పంపుకుంటుంటే గుర్తులు వాళ్ళవి, మీవి కావు. బాబాయ్ ప్రతి మెసేజ్ చివరా ఆరు చుక్కలు పెడతాడు, చెల్లెలు "ఎక్కడ????" అని పంపుతుంది, ఉంచేయండి, అది వాళ్ళ స్వభావం చెప్తుంది. కామిక్స్ బుడగల్లో, మరీ చిన్నపిల్లలకి పైకి చదివి వినిపించే కథల్లో ఆశ్చర్యార్థకాలు కొంచెం ఎక్కువున్నా బాగానే ఉంటుంది, చదివి వినిపించే అమ్మకో తాతకో గొంతు పెంచమని గుర్తు చేస్తాయి. ఆడియో కోసం రాస్తుంటే చదివేవాళ్ళకి విడిగా ఒక లైను నోట్ ఇవ్వండి, గుర్తులతో మొత్తం చెప్పాలని చూడకండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మొదటి పరీక్ష. ఇంకో కాపీ తీసుకుని అందులో ఆశ్చర్యార్థకాలు, ప్రశ్న గుర్తులు అన్నీ చుక్కలుగా మార్చేయండి, రీప్లేస్ ఆల్ ఒక్క క్షణం పని. ఆ కాపీని కథ తెలియని మనిషికిచ్చి పైకి చదవమనండి. మీరు పక్కన కూర్చుని వినండి, మధ్యలో "అది కాదు, అక్కడ కోపం" అని అందించకండి. వాళ్ళు సరైన గొంతుతో చదివినచోట మీ మాటే పని చేసింది, గుర్తు అక్కర్లేదు. మామూలు ప్రశ్నలకి ప్రశ్న గుర్తు ఎలాగూ వెనక్కి వస్తుంది, అది ఆచారం. తప్పుగా చదివినచోట పెన్నుతో టిక్కు పెట్టుకోండి. తర్వాత ఆ టిక్కుల దగ్గర ముందు మాట మార్చి చూడండి, అలా కుదరకపోతే గుర్తు పెట్టండి.

మనిషి దొరక్కపోతే ఫోన్లో పైకి చదివే సౌకర్యంతో వినండి. దాని గొంతులో భావం పెద్దగా ఉండదు, అదే మనకి కావాలి. అంత చప్పటి గొంతులోనూ సుజాత కోపం వినిపించిందంటే డైలాగ్ నిలబడినట్టే.

రెండో పరీక్ష. స్టెప్ 1 లో రాసుకున్న అంకెలు తీసి మళ్ళీ లెక్కపెట్టండి. ఆశ్చర్యార్థకాలు సగం కూడా తగ్గలేదంటే స్టెప్ 2, 5 మళ్ళీ చేయండి. సున్నాకి వచ్చేశాయంటే అదీ ఆలోచించాల్సిన విషయమే, లారీ కింద పడబోతున్నవాణ్ణి కూడా చుక్క పెట్టి పిలిచేశారేమో చూసుకోండి.

మూడోది పరీక్ష కాదు గానీ పంపేముందు చేయాల్సింది. గుర్తుకి ముందు స్పేస్ ఉంటే తీసేయండి, "రా !" అని ఉంటే ఆ గుర్తు ఒక్కటే తెగి కింది లైనులో పడే ప్రమాదం ఉంది. వంకర కొటేషన్లూ నిటారు కొటేషన్లూ కలిసిపోయి ఉంటే ఒకే రకం చేయండి. పత్రికకి పంపుతుంటే, వాళ్ళు పేజీ కట్టేది "అను" (Anu) లాంటి పాత ఫాంట్లతో అయితే యూనికోడ్ (ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో మనం తెలుగు టైప్ చేసే పద్ధతి) నుంచి మార్చేటప్పుడు వంకర కొటేషన్లు, కలిసిన మూడు చుక్కలు, పొడుగు గీతలు వేరే అక్షరాలైపోవచ్చు. అందుకని వర్డ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా జతచేసి, "గుర్తులు పీడీఎఫ్‌లో ఉన్నట్టు చూడగలరు" అని ఒక లైను రాయండి. ప్రూఫ్ పంపిస్తే అన్నిటికంటే ముందు గీతలున్న డైలాగ్‌లు చూసుకోండి, అక్కడే ఎక్కువగా చెడుతుంది.